అమ్మకు ఏ యుద్ధ నవల ఇవ్వాలి?

కందుకూరు నుంచి ఒక అమ్మాయి అడిగింది: "మా అమ్మకు 62 ఏళ్లు. హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయింది. టీవీలో యుద్ధం వార్తలు వచ్చినప్పుడల్లా 'పాపం, ఆ ఇళ్లలో ఈ పూట పొయ్యి వెలిగిందో లేదో' అంటుంది. యుద్ధకాలంలో ఆడవాళ్ల బతుకుల మీద మనసును కదిలించే నవల ఒకటి చెప్పండి. ఫిరంగులు, వ్యూహాలు ఉన్నవి వద్దు. అమ్మ ఇంగ్లీషు నిదానంగా చదవగలదు. ఏడిపించినా ఫర్వాలేదు కానీ నిద్ర పట్టకుండా చేసేది మాత్రం వద్దు."

ఆ చివరి షరతు ఒక్కటీ నావల్ల కాదమ్మా. యుద్ధం మీద వచ్చిన మంచి నవల చదివి ఆ రాత్రి హాయిగా నిద్రపోయామంటే లోపం నవలలోనో మనలోనో ఉన్నట్టే. మిగిలిన షరతులన్నిటికీ సరిపోయే పుస్తకం ఉంది. నెల్లూరు జిల్లాలోని శాఖా గ్రంథాలయాల్లో 30 ఏళ్లకు పైగా పుస్తకాలు ఇచ్చి పుచ్చుకున్నదాన్ని. "ఏదైనా మంచి నవల ఇవ్వండి మేడమ్" అని వచ్చినవారి ముఖం చూసి బీరువా వైపు నడవడం అలవాటైన ప్రాణం. మీ అమ్మగారి ముఖం నేను చూడలేదు. పొయ్యి గురించి ఆమె అన్న మాట చాలు.

ఖాలెద్ హొసేనీ రాసిన 'ఎ థౌజండ్ స్ప్లెండిడ్ సన్స్' తెప్పించండి. 2007లో వచ్చింది, అఫ్గానిస్తాన్ కథ. రచయిత 1965లో కాబూల్‌లో పుట్టి, అమెరికాలో డాక్టరుగా పనిచేస్తూ నవలలు మొదలుపెట్టారు. పేరు చూసి కంగారు పడవద్దు. 17వ శతాబ్దపు పారశీక కవి సాయిబ్ తబ్రీజీ కాబూల్ నగరం మీద చెప్పిన కవితలోది ఆ మాట. ఆ ఊరి గోడల వెనక దాగి ఉన్న వెయ్యి సూర్యుల సంగతి. గోడల వెనక దాగి ఉన్నది ఎవరో చెప్పనక్కరలేదు. మగవాడు రాసిన ఆడవాళ్ల కథా అని మీ అమ్మగారు పెదవి విరవవచ్చు. నేనూ విరిచాను. పదిహేనో అధ్యాయం దాటాక ఆ సంగతే మరిచిపోయాను.

కథ చెబితే రుచి పోతుంది కనుక గుమ్మం వరకే తీసుకువెళతాను. మరియం అనే పిల్ల హెరాత్ నగరం బయట ఒక మట్టి గుడిసెలో తల్లితో పెరుగుతుంది. తండ్రి ఊళ్లో పెద్ద ధనవంతుడు, సినిమాహాలు ఉన్నవాడు, ముగ్గురు భార్యలు ఉన్నవాడు. ఈ పిల్ల తల్లి మాత్రం ఆ ఇంట్లో పనిచేసిన మనిషి. పదిహేనేళ్లకే మరియంను కాబూల్‌లో చెప్పులు కుట్టే రషీద్ అనే పెద్ద వయసువాడికి ఇచ్చి పంపేస్తారు. పద్దెనిమిదేళ్ల తర్వాత అదే వీధిలో పుట్టి పెరిగిన లైలా, చదువుకున్న తండ్రి గారాబంగా పెంచిన పిల్ల, ఒక రాకెట్టు దెబ్బకు దిక్కులేనిదై, పద్నాలుగేళ్ల వయసులో అదే ఇంటికి రెండో భార్యగా వస్తుంది. సవతులు. ఇక్కడి నుంచి నవల అసలు నవల అవుతుంది.

నెల్లూరు మూలాపేటలో మా ఇంట్లో శనివారం సాయంత్రాలు ఏడెనిమిది మంది ఆడవాళ్లం కూర్చుంటాం. ఒకరు చదువుతారు. ఇంగ్లీషు పుస్తకమైతే పేరా పేరాకూ నేను తెలుగులో చెబుతాను. ఈ నవల అలా నాలుగు నెలలు నడిచింది. మా పక్కింటి పెద్దమ్మ ఒకావిడ వస్తుంది. చదువు రాదు, ఊరికే కూర్చోవడం అంతకంటే రాదు. చేటలో బియ్యం పోసుకుని ఏరుతూ వింటుంది. మిల్లు నుంచి వచ్చే సార్టెక్స్ బియ్యంలో రాయి ఎక్కడ ఉంటుంది? ఊరి నుంచి కొడుకు పంపే బియ్యం ఆవిడవి, వాటిలో ఉంటాయి.

పదిహేనో అధ్యాయం చివరికి వచ్చాం. మరియంకు అప్పటికే ఏడుసార్లు కడుపు పోయింది. ఆమె ఏం చేసినా భర్తకు తప్పుగానే ఉంటోంది. ఆ రోజు అన్నం సరిగ్గా ఉడకలేదంటాడు. లేచి బయటికి వెళతాడు, గుప్పెడు గులకరాళ్లు తెస్తాడు, ఆమె నోరు తెరిపించి పోసి నమలమంటాడు. ఆమె నమిలేదాకా ఊరుకోడు. నీ అన్నం రుచి ఇలా ఉంది, ఇప్పుడు తెలిసిందా అని వెళ్లిపోతాడు. ఆమె ఉమ్మితే రాళ్లు, నెత్తురు, రెండు దవడ పళ్ల ముక్కలు. నేను ఆ మాటలు తెలుగులో చెప్పి ఆపాను. గదిలో చప్పుడు లేదు. చేట మీద పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి తాను ఏరిన రాయి ఒకటి తీసి పక్కావిడ అరచేతిలో పెట్టి, "అన్నంలో ఇంత రాయి పంటికి తగిలితే మా మామగారు కంచం విసిరికొట్టేవాడు. మా నోట్లో పొయ్యలేదులే, అంతవరకు మేలు" అంది. ఆ రోజు తర్వాతి అధ్యాయం చదవలేదు.

యుద్ధ నవల అడిగితే మొగుడి కొట్లాట చెబుతున్నాను అనుకోకండి. ఆ అధ్యాయంలోనే కాబూల్ వీధుల్లో ప్రభుత్వం కూలుతోంది, రేడియో కొత్త ప్రభుత్వం వచ్చిందని చెబుతోంది. ఆ ఇంటి గోడలోపల ప్రభుత్వం మారలేదు. ఈ నవలను ఎన్నుకోవడానికి నాకున్న కారణం ఇదే. రాజు పోయి అధ్యక్షుడు వచ్చినా, కమ్యూనిస్టులు వచ్చినా, వాళ్లతో పోరాడిన ముజాహిదీన్లు వచ్చినా, తాలిబన్లు వచ్చినా రషీద్ ఇంట్లో వంట ఎవరు చేయాలి, దెబ్బలు ఎవరు తినాలి అన్నది మారదు. మారేదల్లా ఒకటే: ఆ ఇంటి నుంచి పారిపోవడానికి ఉన్న దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోతాయి. తాలిబన్లు వచ్చాక మగతోడు లేనిదే ఆడమనిషి గడప దాటకూడదన్న హుకుం రషీద్ లాంటివాడి చేతికి కొత్తగా అందిన తాళంచెవి. యుద్ధం ఇంటిలోపలికి ఎలా వస్తుందో ఇంత తేటగా చూపిన పుస్తకాలు నాకు తెలిసి తక్కువ.

సోషల్ టీచరు కనుక మీ అమ్మగారికి తారీఖులు కావాలి. ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టండి: 1973లో రాజు జహీర్ షాను తప్పించి దావూద్ ఖాన్ అధికారం తీసుకోవడం, 1978 ఏప్రిల్‌లో కమ్యూనిస్టుల తిరుగుబాటు, 1979 డిసెంబరులో సోవియట్ సైన్యం రాక, 1989 ఫిబ్రవరిలో దాని నిష్క్రమణ, 1992 ఏప్రిల్‌లో అధ్యక్షుడు నజీబుల్లా పతనం, 1996 సెప్టెంబరులో కాబూల్ తాలిబన్ల వశం కావడం, 2001 మార్చిలో బామియాన్ బుద్ధ విగ్రహాల కూల్చివేత. లైలా పుట్టింది ఆ 1978 ఏప్రిల్ తిరుగుబాటు రాత్రే. ఆమె ఇంట్లో చరిత్ర రెండుగా చీలి ఉంటుంది. కమ్యూనిస్టుల హయాంలో ఆడపిల్లల చదువుకు ఎన్నడూ లేనంత వీలు దొరికిందని తండ్రి అంటాడు. ఆయన్ను బడిపంతులు ఉద్యోగం నుంచి తీసేసింది మళ్లీ ఆ ప్రభుత్వమే! తల్లికేమో ఆ ప్రభుత్వం మీద పోరాడడానికి వెళ్లి చనిపోయిన ఇద్దరు కొడుకులు తప్ప మరేదీ కనబడదు. 1992లో ముజాహిదీన్లు గెలిచి ఊళ్లోకి వచ్చిన రోజున ఆమె పక్క మీద నుంచి లేచి, వీధివాళ్లందరికీ విందు పెడుతుంది. గెలిచినవాళ్లే నెలలు తిరక్కుండా ఒకరి మీద ఒకరు రాకెట్లు వేసుకుంటే అవి పడేది ఆ విందు తిన్న వీధుల మీద. పాఠం చెప్పినట్టు ఉండదు, విందు జరిగినట్టే ఉంటుంది.

నాకు ఈ నవల మొత్తంలో ప్రాణమైన చోటు మాత్రం ఒక రాత్రి పెరట్లో టీ. మరియం, లైలా మొదట పగవాళ్లలాగే ఉంటారు. గరిటె ఎక్కడ పెట్టావని కూడా తగవే. తర్వాత ఒక రాత్రి మరియం మీదికి లేచిన భర్త చెయ్యిని లైలా అడ్డుకుంటుంది. మరియం జీవితంలో తన కోసం అడ్డుపడిన మొదటి మనిషి. ఆ తర్వాత లైలా పసికూతురు అజీజా మరియంను చూసి కేరింతలు కొడుతూ వేలు పట్టుకుంటుంది. చివరికి ఒక రాత్రి ఇద్దరూ పెరట్లో కుర్చీలు వేసుకుని, ఒకే గిన్నెలో చేతులు పెట్టి హల్వా తింటూ టీ తాగుతారు. రెండో కప్పు అయ్యాక ఇంకోటి పొయ్యనా అని లైలా అడుగుతుంది. మరియం పొయ్యమంటుంది. దూరంగా కొండల్లో తుపాకుల చప్పుడు, పైన చందమామ మీదుగా మబ్బులు. ఇంతే జరుగుతుంది. నవల అయిపోయాక ఏది గుర్తుంది అని మా వాళ్లను అడిగితే ఆరుగురు ఈ టీ సంగతే చెప్పారు. సవతుల కథలంటే విషం పెట్టుకోవడాలు, జుట్టు పట్టుకోవడాలే చూసిన కళ్లకు ఆ మూడో కప్పు కొత్త.

ఇంకొకటి కూడా చెప్పాలి. కరువు వచ్చి, తిండికి లేక అజీజాను అనాథాశ్రమంలో పెట్టాల్సి వస్తుంది. బిడ్డను చూడడానికి లైలాకు భర్త తోడు రాడు. ఒంటరిగా వెళితే వీధిలో తాలిబన్లు పట్టుకుని కొడతారు. ఆమె మళ్లీ వెళుతుంది. దెబ్బలు తప్పవని తెలుసు కనుక బుర్ఖా కింద దళసరి బట్టలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని వెళుతుంది, ఎండలో కూడా. తల్లి ప్రేమ గురించి రచయిత అక్కడ ఒక్క మాట అనడు. స్వెట్టర్ల లెక్క చెప్పి ఊరుకుంటాడు.

మా గుంపులో దర్గామిట్ట నుంచి వచ్చే ఉర్దూ టీచరు ఒకామె ఉంది. నవలలోని పారశీక మాటల్లో చాలావాటికి ఆమె ఇంట్లో వాడే మాటలే పనికొచ్చాయి. మొదటి వాక్యంలోనే ఐదేళ్ల మరియం 'హరామీ' అనే మాట వింటుంది. అది తిట్టు అని మనకూ తెలుసు, పెళ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డను అంటారని ఆమె చెబితే తెలిసింది. మరియంకు ఏడుసార్లు కడుపు పోయిన భాగం దగ్గర ఆమె రొట్టెల పండుగ గుర్తుచేసింది. బారాషహీద్ దర్గా యుద్ధంలో చనిపోయిన పన్నెండుమంది అమరులది. ఏటా మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి ఆడవాళ్లు మార్చుకునేది మాత్రం సంతాన రొట్టె, విద్యా రొట్టె, వివాహ రొట్టె. వీరుల సమాధుల దగ్గరికి వెళ్లి యుద్ధంలో గెలుపు అడిగిన మనిషిని నేను చూడలేదు అందామె. మీ అమ్మగారు పొయ్యి గురించి అన్న మాట చదవగానే నాకు ఇది గుర్తొచ్చింది.

మన వైపు యుద్ధమే ఎరగమని అనుకుంటాం గానీ అది పూర్తిగా నిజం కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మద్రాసు ఖాళీ అవుతుంటే, అక్కడ కాపురాలున్న నెల్లూరు వాళ్లు పెట్టేబేడా సర్దుకుని రైలెక్కారు. మా అమ్మమ్మ రెండో ప్రపంచ యుద్ధం అనే మాట ఎన్నడూ అనలేదు. "మైకా బాగా ఆడిన రోజులు" అనేది. గూడూరు, సైదాపురం గనుల నుంచి వచ్చే అభ్రకాన్ని కత్తితో పొర పొరగా విడదీసే పనికి వెళ్లేది. ఆ రేకులు రేడియోలకూ విమానాల విద్యుత్ పరికరాలకూ కావాలి, అందుకే అంత గిరాకీ. యుద్ధం ఆగింది, గిరాకీ పడిపోయింది, అమ్మమ్మకు కూలి పోయింది. కిరోసిన్ కొరత, కంట్రోలు బట్ట, వేళ్ల సందుల్లో మెరిసే పొడి. ఆమె చెప్పిన యుద్ధం మొత్తం ఇంతే. ఈ నవలలో యుద్ధం చాలాచోట్ల ఆ తీరులోనే ఉంటుంది. అందుకే నాకు పరాయి దేశం అనిపించలేదు.

పొగిడింది చాలు, లోపాలు కూడా చెబుతాను. రషీద్‌లో మంచి అన్నది వెతికినా దొరకదు. కొడుకు మీద మురిపెం ఒక్కటీ మినహాయింపు. అంతటి చెడ్డవాణ్ని చూస్తే రచయిత కావాలని మలిచాడని తెలిసిపోతుంది. లైలా చిన్ననాటి నేస్తం తారిక్ మరీ బంగారం. నాలుగో భాగం, అంటే చివరి నాలుగు అధ్యాయాలు, ముడులన్నీ విప్పి మడతపెట్టి ఇచ్చినట్టు ఉంటుంది. మా వాళ్లకు అది నచ్చింది. నాకు మూడో భాగం చివర, 47వ అధ్యాయం దగ్గర ఆగిపోయినా చాలనిపించింది. అక్కడ ఏం జరుగుతుందో చెప్పను. ఆ అధ్యాయం మాత్రం మీ అమ్మగారు ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు చదవకుండా చూడండి. మత్తుమందు లేకుండా జరిగే కాన్పు ఆపరేషన్ కూడా ఒకటి ఉంది. ఆసుపత్రి పేరు చెబితేనే కళ్లు తిరిగే మనిషైతే ఆ పేజీలు దాటించండి, కథ తెగదు.

చదివే పద్ధతి. దాదాపు 400 పేజీలు, 51 అధ్యాయాలు, చిన్న చిన్నవి. ఇంగ్లీషు తేలిక, పొడుగు వాక్యాలు తక్కువ, పరాయి మాట వస్తే పక్కనే అర్థం తెలిసిపోతుంది. మొదటి పదిహేను అధ్యాయాలు మరియంవి, తర్వాతి పదకొండు లైలావి. పదహారో అధ్యాయం దగ్గర ఉన్నట్టుండి మరియం మాయమై కొత్త పిల్ల వస్తుంది. చాలామంది అక్కడ పుస్తకం మూసేస్తారు. మా శాఖకు వెనక్కి వచ్చిన కాపీల్లో గుర్తు కోసం పెట్టిన బస్సు టిక్కెట్లు అక్కడే ఉండేవి. ఆ పదకొండు అధ్యాయాలు ఓపిక పట్టమని ముందే చెప్పండి. వీలైతే ఇద్దరూ కలిసి చదవండి, రోజుకు ఒక అధ్యాయం, పైకి. మా నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు కలిసి పైకి చదివిన కథ ఊరికే పోలేదు. అక్షరాస్యత వాచకంలోని సీతమ్మ కథ చదువుకుని 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు, మరుసటి ఏడాది రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మీ అమ్మగారు ఆ రోజుల్లో ఉద్యోగంలో ఉండి ఉంటారు, అడిగి చూడండి, నాకంటే బాగా చెబుతారు.

ఇది నచ్చితే తర్వాత ఏమిటి అంటారేమో. విశాలాంధ్ర పుస్తకాల వ్యానులో మాస్కో పుస్తకాలు కొన్న తరం కనుక బరీస్ వసీల్యెవ్ పేరు ఆమెకు తెలిసి ఉండవచ్చు. 1942లో విమాన విధ్వంసక దళంలో పనిచేసిన ఐదుగురు అమ్మాయిల మీద ఆయన 1969లో రాసిన 'ది డాన్స్ హియర్ ఆర్ క్వైట్' అనే చిన్న నవలను రెండు పూటల్లో ముగించవచ్చు, మరిచిపోవడం కుదరదు. నైజీరియాలో 1967 నుంచి 1970 దాకా జరిగిన బియాఫ్రా యుద్ధం మీద చిమమాండా అడీచీ రాసిన 'హాఫ్ ఆఫ్ ఎ యెల్లో సన్' రచనగా దీనికంటే గట్టిది, కానీ రెండోది గానే ఇవ్వండి, అందులో మనుషులు ఎక్కువ, కాలం ముందుకూ వెనక్కూ దూకుతుంది. స్వెత్లానా అలెక్సీవిచ్ పుస్తకం 'ది అన్‌వుమన్లీ ఫేస్ ఆఫ్ వార్' గొప్పదే, అయితే నవల కాదు, యుద్ధంలో పనిచేసిన ఆడవాళ్లు చెప్పిన మాటలు. అదే పని తెలుగులో స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'తో చేసింది, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల సొంత మాటలు. నవలలు అలసట తెప్పించిన రోజున అది తీయవచ్చు. యుద్ధం వెనక తెరలా వేలాడుతూ ముందు ప్రేమకథ నడిచే లావుపాటి పుస్తకాలు మాత్రం ఎంత అమ్ముడుపోయినా తేవద్దు. పొయ్యి గురించి ఆలోచించే మనిషికి అవి ఆనవు.

దుకాణాల్లో దొరకకపోతే నా కాపీ ఉంది. కందుకూరు బస్సులో ఎవరైనా వస్తుంటే పంపిస్తాను. పదిహేనో అధ్యాయం పేజీల మధ్య ఒక నూక గింజ అంటుకుని ఉంటుంది, దులపవద్దు. పుస్తకం మాత్రం నెలలోపు వెనక్కి రావాలి. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు.